కూలిన ఎంటర్‌ప్రైజ్-డిని మళ్లీ కడితే అది అదే నౌకా?

మొదటి పోస్ట్:
1994 నాటి ‘స్టార్ ట్రెక్ జనరేషన్స్’ సినిమాలో ఎంటర్‌ప్రైజ్-డి అనే అంతరిక్ష నౌక పని అయిపోయింది. నౌకకు శక్తినిచ్చే వార్ప్ కోర్ పేలి ఇంజన్ భాగం తునాతునకలైంది. సాసర్, అంటే పళ్లెంలా ఉండే ముందు భాగం, వెరిడియన్ 3 అనే గ్రహం మీద అడవిని దున్నుకుంటూ వెళ్లి ఆగింది. నౌక ఇక బాగుపడదని కెప్టెన్ పికార్డే లాగ్‌లో చెప్పాడు. తర్వాత ఎంటర్‌ప్రైజ్-ఇ వచ్చింది, లెక్క సరిపోయింది. అలాంటిది 2023లో ‘పికార్డ్’ సీరియల్ మూడో సీజన్‌లో పాత డినే మ్యూజియంలోంచి బయటికి తీశారు. ఇంజన్ భాగమేమో సిరక్యూస్ అనే వేరే నౌకది. సగం మరో నౌకైనదాన్ని డి అని ఎలా ఒప్పుకోమంటారు?

జవాబు:
నేను ఒప్పుకుంటానండీ. ముందు ఆ లాగ్ సంగతి చూద్దాం. బాగుపడదన్నది స్టార్‌ఫ్లీట్, అంటే ఆ నౌకల దళం, అవసరాన్ని బట్టి అన్న మాట. నౌక ఇంజనీరు జోర్డీకి దాన్ని నిలబెట్టడానికి 20 ఏళ్లు పట్టింది. ఏ దళమూ ఒక్క నౌక కోసం అన్నేళ్లు ఆగదు, కాబట్టి కొత్తది కట్టుకోవడమే సరైన నిర్ణయం. అంతమాత్రాన తర్వాత ఒక మనిషి కూర్చుని పాతదాన్ని అతికిస్తే తప్పెలా అవుతుంది? పైగా సాసర్‌ను పైకి తెచ్చింది ప్రేమతో కాదు. పక్క గ్రహం వెరిడియన్ 4లో ఇంకా యంత్రయుగానికి రాని జనం ఉన్నారు. వాళ్ల కంట పడకూడదని వెనకబడిన లోకాల జోలికి పోవద్దనే ప్రైమ్ డైరెక్టివ్ నియమం ప్రకారం తీసుకురాక తప్పలేదు. ప్రేమ మొదలైంది ఆ తర్వాతే.

ఇక సగం అన్న మాట. ఈ నౌకను రెండుగా విడిపోయేలానే కట్టారు. 1987లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లోనే విడదీసి చూపించారు. కుటుంబాలను సాసర్‌లో ఉంచి పంపేసి, ఇంజన్ భాగంతో ప్రమాదానికి ఎదురెళ్లారు. అంటే ఏది పోయినా ఏది మిగలాలో కట్టినవాళ్లే తేల్చి పెట్టారు. మిగలాల్సిందే మిగిలింది.

మన లోకంలో ఏం చేశారో కూడా చూడండి. 1986లో ఛాలెంజర్ అనే షటిల్ పోయాక, అంతరిక్షానికి ఎప్పుడూ వెళ్లని పరీక్షల షటిల్‌ను మార్చి వాడాలా అని నాసా ఆలోచించింది. దాని పేరూ ఎంటర్‌ప్రైజే, అదీ స్టార్ ట్రెక్ సీరియల్ అభిమానులు ఉత్తరాలు రాసి పెట్టించుకున్న పేరు. చివరికి నిల్వ ఉన్న విడిభాగాలతో ఎండెవర్‌ను కట్టారు. అది 1992లో ఎగిరింది. దాన్ని ఎవరూ ఛాలెంజర్ అనలేదు. పాతదాని ముక్క అందులో ఒక్కటీ లేదు మరి. మీకు బాధ కలగాల్సింది స్టార్ ట్రెక్‌లోనే మరో నౌక డిఫయంట్ విషయంలో! 1999లో అది నాశనమయ్యాక సావో పాలో అనే నౌకకు ఆ పేరు తగిలించారు. పాత నౌకలోని ఒక్క రేకైనా అందులో లేదు.

మూడో వ్యక్తి:
పేరు సంగతి మీ ఇద్దరూ తేల్చుకోండి, నా భయం వేరే. కక్ష్యలోంచి పడి నేలను గుద్దుకున్న చట్రం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఎక్కడ వంగిందో తెలియదు. మ్యూజియంలో పెట్టండి, దండం పెడతాను. దాన్ని బోర్గ్ అనే శత్రువుల మీదికి తీసుకెళ్లడం నాకు మింగుడుపడలేదు.

రెండో వ్యక్తి జవాబు:
మీ మాటకు నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఆ లోకంలో చట్రాన్ని పట్టి ఉంచేది లోహం ఒక్కటే కాదు, దాని చుట్టూ శక్తి క్షేత్రం కూడా ఉంటుంది. అయినా యుద్ధానికి నేనూ పంపేవాడిని కాదు. అది అదే నౌకా అన్నదాంట్లో మాత్రం వెనక్కి తగ్గను. కూలిన తర్వాత పికార్డ్, అతని తర్వాతి అధికారి రైకర్ ఇద్దరూ వంగి వంగి చెత్త జరుపుతూ ఏం వెతికారో గుర్తుందా? పికార్డ్ కుటుంబం ఫొటోల ఆల్బమ్. అది దొరికిన గది, బ్రిడ్జి పక్కనే, సాసర్‌లోనే ఉంది.