సద్దుమణగడం: హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ గురించి రాస్తుంటే దొరికిన మాట

గుంపులోని పెద్దలకు నమస్కారం. మాది కడప. ఒక మాట గురించి మీ అభిప్రాయం అడగాలని రాస్తున్నాను.

నెల కిందట మా బావమరిది బెంగళూరు నుంచి వస్తూ తన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తెచ్చి నా దగ్గర పెట్టాడు. పాటను హెడ్‌ఫోన్‌కు చాలినంత బలంగా పంపే పెట్టె అది, లక్షకు దగ్గరగా పోసి కొన్నది. "బావా, రోజూ రాత్రి పాటలు వినేవాడివి నువ్వే. మూడు వారాలు విని, ఎట్లుందో తెలుగులో రాసివ్వు. నాన్నకు చూపించాలి" అన్నాడు. మామ రిటైరైన తెలుగు పండితుడు. ఇంత డబ్బు పెట్టి కొన్న పెట్టె చేసే పని ఏంటో ఆయనకు తెలియాలి. అది న్యాయమే.

రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇలాంటి వాటి మీద ఇంగ్లీషులో రాసేవాళ్లు మంచి ఆంప్లిఫయర్ వెనక అంతా నల్లగా ఉందంటారు. వాళ్ల భాషలో అది కుదిరింది. తెలుగులో నలుపుకీ చెవికీ సంబంధం లేదు. 'నిశ్శబ్దం' అని రాద్దామంటే అది నిజం కాదు, పాట మోగుతూనే ఉంది కదా. మా వైపు 'గమ్మున' అంటాం. కానీ గమ్మునుండేది మనిషి, యంత్రం కాదు.

ఒక రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్ పెట్టుకోబోతుంటే అమ్మ లోపలి నుంచి "ఊరంతా సద్దుమణిగింది, నువ్వింకా పడుకోలేదా నాయనా" అంది. నాకు కావలసిన మాట అదే.

శబ్దానికి వికృతి సద్దు అని చిన్నప్పుడే చదువుకున్నాం. కానీ వాడుకలో రెండూ ఒకటి కాదు. పాటను ఎవరూ సద్దు అనరు. బిడ్డ నిద్రపోతుంటే "సద్దు చేయొద్దు" అంటాం. అంటే మనం వినాలనుకోనిది, వద్దన్నా చెవిన పడేది సద్దు. ఆంప్లిఫయర్లో ఇది రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి లోపలి సర్క్యూట్ నుంచి వచ్చే సన్నని 'స్స్' అనే సద్దు. రెండోది కరెంటు లైను నుంచి వచ్చే గుంయ్‌మనే సద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది, కాబట్టి అది 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర వినిపిస్తుంది.

మణగడం అంటే అణగడమే. ఇక్కడ నాకు నచ్చిన సంగతి, ఈ మాటలో కాలం కూడా ఉంది. ముందు సద్దు ఉంది, తర్వాత తగ్గింది. 'నిశ్శబ్దం'లో ఆ తగ్గడం లేదు. నా పాత ఆంప్లిఫయర్ తీసి ఇది తగిలించినప్పుడు నా చెవికి తెలిసింది ఆ తగ్గడమే. పత్రికలు ఈ మాటను గొడవలకే వాడుతున్నాయి, "వివాదం సద్దుమణిగింది" అని. దాన్ని మళ్లీ చెవి దగ్గరకు తెచ్చుకోవాలని నా కోరిక.

మీరేమంటారు?

ధర్మవరం నుంచి:

అన్నా, మా వీధిలో గుంటమగ్గాలు ఉండేవి. సాయంత్రం నేత ఆపినాక "మగ్గాలు సద్దుమణిగినాయి" అనేది మా అవ్వ. అందుకే యంత్రానికి ఈ మాట వాడటం నాకు కొత్తగా అనిపించలేదు. అట్లే 'మాటుమణిగింది' అని ఇంకో మాట ఉంది చూడు. ఊరు మాటుమణిగిందంటే మనుషులు పడుకున్నారని. సద్దుమణిగిందంటే చప్పుడు తగ్గిందని. నీకు రెండోదే సరిపోతుంది.

కర్నూలు నుంచి:

మాట బాగుంది సార్, ఒప్పుకుంటాను. కానీ పరీక్ష సరిగ్గా చేశారా? రెండు ఆంప్లిఫయర్లు పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది. నేను రేడియో రిపేరు పని చేసినవాణ్ణి, అందుకే అడుగుతున్నాను.

మొదట రాసినవారి జవాబు:

ధర్మవరం తమ్ముడూ, 'మాటుమణిగింది' గుర్తు చేసి మేలు చేశావు. అమ్మ ఈ రెండు మాటలూ వాడుతుంది. నేనే ఎప్పుడూ విడదీసి చూడలేదు.

కర్నూలు సార్, మీరడిగింది అసలు ప్రశ్న. మొదటి వారం నేను ఆ తప్పే చేశాను. కొత్త పెట్టె గొప్పగా ఉందని నాలుగు పేజీలు రాశాను. తర్వాత 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, రెండింటి ఔట్‌పుట్ వోల్టేజీ మల్టీమీటర్‌తో కొలిచాను. రెండూ ఒక శాతం తేడాలోపు వచ్చేలా వాల్యూమ్ సరిచేశాను. డెసిబెల్స్‌లో అది 0.1 కంటే తక్కువ. అట్లా విన్నాక ఆ నాలుగు పేజీల్లో మూడు చింపేశాను. గొంతు నిండుగా ఉంది, మంద్రం బలంగా ఉంది అని రాసినవన్నీ వాల్యూమ్ చేసిన మాయ.

మిగిలిన పేజీ సద్దు గురించే. నా హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్.డి. 600. దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది ఇచ్చే అడ్డు, 300 ఓములు. ఇంత ఎక్కువ ఉన్నదానికి వోల్టేజీ బాగా కావాలి, ఫోను దగ్గర అంత ఉండదు. నా పాత పెట్టెలో గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే మీట) హై పెడితేనే చాలినంత మోగేది, దాంతో పాటు ఆ 'స్స్' కూడా లేచేది. కొత్తదానిలో గెయిన్ హై పెట్టినా పాట ఆగినప్పుడు ఏమీ వినిపించలేదు. చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్లతో కూడా చూశాను. అవి ఎంత చిన్న సద్దునైనా పట్టిస్తాయి. గెయిన్ తక్కువకు పెట్టి వింటే వాటిలోనూ లేదు.

ఒక్క రోజు మాత్రం గుంయ్‌మని మోత వచ్చింది. పెట్టెదే తప్పనుకుని బాధపడ్డాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకితే వెంటనే పోయింది. ఆ సద్దు ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబుల్ గుండా వచ్చింది, ఆంప్లిఫయర్లో పుట్టింది కాదు.

సద్దుమణిగితే మనకొచ్చే లాభం ఏంటంటే, అలికిడి వినిపిస్తుంది. ఇది నేను వెతుకుతున్న రెండో మాట. వీణ మీద వేలు జారేటప్పుడు తీగ రాపిడి, పల్లవి ఎత్తుకునే ముందు గాయని తీసుకునే ఊపిరి, మృదంగం మీద దెబ్బ పడ్డాక చర్మం కదలిక. ఇవి స్వరాలు కావు, సద్దు కూడా కావు. అక్కడ మనిషి ఉన్నారని తెలిపేవి. పెరట్లో ఎవరో వచ్చినప్పుడు "అలికిడి అయింది, చూడు" అంటామే, సరిగ్గా అదే. వీటిని వివరాలు అని రాస్తున్నారు కొందరు. వివరాలు దరఖాస్తులో ఉంటాయి.

కర్నూలు నుంచి:

మూడు పేజీలు చింపానన్నారు చూడండి, దానికి దండం సార్. అయితే ఒక ముక్క. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, మీది వెనక తెరిచి ఉండే ఓపెన్ హెడ్‌ఫోన్ కాబట్టి, బయటి సద్దు లోపలికి వస్తుంది. మే నెల కడపలో ఫ్యాన్ ఆపి ఎవరు వింటారు? ఆ లక్ష అక్కడ పనికొస్తుందా?

మొదట రాసినవారి జవాబు:

రాదు సార్. ఫ్యాన్ 5లో ఉంటే రెండు పెట్టెలకూ తేడా నాకు తెలియలేదు. 2లో పెట్టి, తెల్లవారుజామున వింటేనే తెలిసింది. మామకు రాసిన కాగితంలో ఇది కూడా ఉన్నదున్నట్టు రాశాను. ఇంట్లో వినడానికి 300 ఓముల హెడ్‌ఫోన్ ఉంటే మంచి ఆంప్లిఫయర్ కావాలి, అందులో సందేహం లేదు. దానికి లక్ష అక్కర్లేదు. సద్దుమణిగి ఉంటే చాలు, ఆపైన ఖర్చు పెట్టేది హెడ్‌ఫోన్ మీద పెట్టమని బావమరిదికి చెప్పాను.

మామ కాగితం చదివి పెట్టె సంగతి ఏమీ అనలేదు. 'అలికిడి' కింద గీత గీసి, హెడ్‌ఫోన్ తెమ్మన్నారు.