మిక్స్‌టేపును తెలుగులో ఏమనాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికా డీజే డ్రామా 2007 డిసెంబరులో వెలువరించిన ‘గ్యాంగ్‌స్టా గ్రిల్జ్: ది ఆల్బం’ గురించి ఒక పరిచయ వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. హిప్‌హాప్ డీజేలు (ఇతరుల పాటలను కలిపి వాయించేవారు) తెచ్చే ఇటువంటి రికార్డులు విన్నవారు ‘పేరుకు ఆల్బమే గాని, ఇది మిక్స్‌టేపే’ అంటూ ఉంటారు. మిక్స్‌టేపు అంటే పలువురి పాటలను డీజే కలిపి వరుసపెట్టిన రికార్డు. ఆ మాటను ఒకరు తీసివేతగా అంటే ఇంకొకరు అదే మాటను మెచ్చుకోలుగా అంటారు. నేను మొదట ‘కలగూరగంప’ అని తెలిగించాను. చదివిన మిత్రులు అందులో నింద తప్ప మెప్పు వినిపించడం లేదన్నారు. రెండు భావాలనూ మోయగల తెలుగు మాట ఉన్నదా, లేక మిక్స్‌టేపు అనే ఉంచాలా అన్నది తెలిసినవారు చెప్పగలరని మనవి.

మొదటి సమాధానం

మీ మిత్రులు చెప్పినది సబబే. కలగూరగంప అనగానే అందులో ఉన్నవి వరుసావావీ లేకుండా పడి ఉన్నాయన్న ధ్వని వస్తుంది. మిక్స్‌టేపులో అసలు పనే వరుస. ఏ పాట వెనుక ఏ పాట రావాలి, ఒకదాని చివరి దరువు మీద రెండోదాని మొదటి దరువు ఎక్కడ పడాలి, ఒకరి వాద్యం మీద ఇంకొకరి గొంతు ఎంతసేపు నడవాలి అన్న నిర్ణయాలన్నీ డీజేవే. అందుకే పాటలు ఒక్కొక్కటిగా బాగున్నా వరుస కుదరకపోతే శ్రోత మొదట దానినే పట్టుకుంటాడు.

మాటల పుట్టుక చూస్తే, ఆల్బం, మిక్స్‌టేపు అన్న రెండూ పాటలను పట్టి ఉంచిన వస్తువుల పేర్లే. లాటిన్‌లో తెలుపు అనే అర్థమున్న ‘ఆల్బస్’ నుంచి ఆల్బం వచ్చింది. రోమనులు ప్రకటనలు రాసే తెల్లని పలకకు అది పేరు. తరువాత ఖాళీ పుటల పుస్తకానికి, ఆపైన గ్రామఫోను పలకలను దాచుకునే పుస్తకం వంటి సంచికి ఆ పేరు అతుక్కుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పలకలో ఒక వైపు పట్టేది కొద్ది నిమిషాల పాటే కనుక, నాలుగైదు పలకలు కలిస్తే ఒక ఆల్బం. 1948లో కొలంబియా సంస్థ ఎక్కువసేపు నడిచే ఎల్‌పీ పలకను తెచ్చాక అంతా ఒక్క పలకలోనే ఇమిడిపోయింది. పుస్తకం పోయినా పేరు మిగిలింది.

మిక్స్‌టేపు కథా అంతే. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్‌ను బయటపెట్టింది. న్యూయార్కులోని బ్రాంక్స్‌లో 1970ల వేడుకలలో డీజేలు వాయించినది ఆ టేపులకెక్కి చేతులు మారింది. ఆ తరువాత సీడీ వచ్చింది, ఇంటర్నెట్టు వచ్చింది. టేపు పోయింది, మాట నిలిచింది. ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. తాళపత్రాలను దారంతో ముడివేసిన రోజులు పోయినా, ముడివేయడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన ‘గ్రంథం’ అన్న మాటను మనం అచ్చు పుస్తకానికి నిస్సంకోచంగా వాడుతున్నాం.

పుట్టుకను బట్టి రెండూ విడివిడి పాటలను ఒకచోట చేర్చినవే అయినప్పుడు, శ్రోతల నోట ఒకటి పెద్దపీట, మరొకటి చిన్నపీట ఎందుకైంది? దీనికి కారణం సంగీతంలో కన్నా హక్కులలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. ఆల్బం అంటే అందరి అనుమతులూ తీసుకుని కంపెనీ అమ్మే వస్తువు; మిక్స్‌టేపు అంటే ఇతరుల వాద్యాల మీద కొత్త చరణాలు పాడించి, అనుమతుల సంగతి పక్కన పెట్టి చేతి నుంచి చేతికి పంపినది. 2007 జనవరి 16న అట్లాంటాలో పోలీసులు డీజే డ్రామాను, ఆయన సహచరుడు డాన్ కానన్‌ను అరెస్టు చేసి 80,000కు పైగా డిస్కులను స్వాధీనం చేసుకున్నారు. కొత్త గాయకుల ప్రచారం కోసం ఈ డీజేల చేతికి పాటలు అందించింది రికార్డు పరిశ్రమలోని వారే. ఆ దాడిలో పోలీసులకు తోడుగా నిలిచింది ఆ పరిశ్రమ సంఘమే. అదే ఏడాది చివర, తన మిక్స్‌టేపుల వరుస పేరుకే ‘ది ఆల్బం’ అన్న తోక చేర్చి అట్లాంటిక్ సంస్థ ద్వారా ఆయన ఈ రికార్డును తెచ్చారు. ఆ తోకను నేను సంగీతపు వర్ణనగా కాక, ఇది అనుమతులున్న సరుకు అన్న ప్రకటనగా చదువుతాను. కనుక ‘ఇది మిక్స్‌టేపే’ అని మెచ్చుకునే శ్రోత, కంపెనీ చేతికి వెళ్ళినా పాత చొరవ చావలేదంటున్నాడు. తీసివేసే శ్రోత, ఇందరు గాయకులను ఒకటిగా పట్టి ఉంచే స్వరం లేదంటున్నాడు.

ఇందుకు నా సూచన ‘కూర్పు’, చేసినవారికి ‘కూర్పరి’. చాటుపద్య మణిమంజరిలోని పద్యాలు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు రాసినవి కావు, అయినా ఆ గ్రంథం ఆయనదేనని అనడానికి మనం వెనుకాడం. డీజే పేరు మీద రికార్డు ఎలా వస్తుంది, ఆయన పాడలేదు కదా అని అడిగే శ్రోతకు ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు తోచలేదు. రెండు పలకల వేగాలను సమం చేసి దరువులను ఒకటి చేసే పనికి మాత్రం ‘మేళవింపు’ అనడం మంచిది. శ్రుతులు కలపడానికి ఆ మాట ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నది.

రెండో సమాధానం

కూర్పు అన్న మాటతో నాకొక చిక్కు ఉన్నది. సినిమా పేర్లలో ఎడిటింగుకు ‘కూర్పు’ అని వేయడం అలవాటైపోయింది కనుక పాఠకుడు అటు వెళతాడేమో. ఇంకొకటి: డీజే పాట నడుమ తన పేరును, ఆ వరుస పేరును గట్టిగా పలుకుతాడు. అది లేనిదే తృప్తి లేదనేవారున్నారు, అది చరణాన్ని మింగేస్తోందని విసుక్కునేవారున్నారు. దానిని మకుటం అనవచ్చునా? శతకంలో ఏ పద్యానికా పద్యం విడిదే, వాటిని ఒక మాల చేసేది మకుటమే.

మొదటివారి తిరుగు సమాధానం

సినిమా వాడుక చిక్కు కాదు, ఆసరా. అక్కడ కూర్పరి తాను తీయని దృశ్యాలను వరుసపెడతాడు, ఇక్కడ డీజే తాను పాడని పాటలను వరుసపెడతాడు.

మకుటం పోలిక నన్ను చాలా ఆకట్టుకున్నది, కాని ఒక మెలిక ఉన్నది. సుమతీ శతకంలో ‘సుమతీ’ అన్న పిలుపు పద్యం చివర, ఛందస్సులో తనకున్న చోటనే పడుతుంది. డీజే కేక నడి చరణంలోనైనా పడవచ్చు. పైగా మకుటమూ పద్యమూ ఒకే కవివి, ఇక్కడ కేక ఒకరిది, చరణం ఇంకొకరిది. విసుక్కునే శ్రోత అభ్యంతరం సరిగ్గా ఈ రెండింటి మీదే. కనుక పాట మొదటనో చివరనో పడిన కేకను మకుటమని, నడుమ పడినదానిని ఉత్త కేక అని రాస్తే, ఆ శ్రోత బాధ కూడా మాటలోనే తెలుస్తుంది.

వ్యాకరణం గురించి ఒక్క మాట. టేపు ఉకారాంతమై టేపులు, టేపులో అని పూర్తిగా మనదైపోయింది. ఆల్బం మాత్రం పుస్తకం వలె కనిపిస్తూనే, పుస్తకాలు అన్నట్టుగా ‘ఆల్బాలు’ కాలేదు, ఆల్బంలుగానే ఉండిపోయింది. కనుక మిక్స్‌టేపు అన్న మాటను మొదటి ప్రస్తావనలో ఉంచడానికి సంకోచించనక్కరలేదు. ఆ తరువాత కూర్పు అనవచ్చు. నిందగా అన్నవారి అభిప్రాయాన్ని ‘ఇది కూర్పు దగ్గరే ఆగింది, ఆల్బం కాలేకపోయింది’ అని, మెప్పుగా అన్నవారి అభిప్రాయాన్ని ‘ఆల్బం అని పేరు పెట్టినా కూర్పు బిగి సడలలేదు’ అని రాసి చూడండి.