మాబొరొషి నొ త్సుకి: మాయ చంద్రుడా, మాయా చంద్రుడా?

గోదారిగట్టు:
రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1996లో వచ్చిన జపనీస్ యానిమే సిరీస్ ఎస్కాఫ్లోనెని మా అక్క కూతురితో కలిసి మళ్ళీ చూస్తున్నాను. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదవలేక "పిన్నీ, తెలుగులో రాసిపెట్టవూ" అంది. సరేనని మొదలుపెట్టాను. కథానాయిక హితోమి గైయా అనే వేరే లోకంలో పడ్డాక తలెత్తి చూస్తే, చంద్రుడి పక్కనే మన భూమి కనిపిస్తుంది కదా. అక్కడివాళ్ళు భూమిని 'మాబొరొషి నొ త్సుకి' అంటారు. త్సుకి అంటే చంద్రుడు, దాంతో పేచీ లేదు. మాబొరొషికి ఏం రాయాలి? ఇంగ్లీషులో 'మిస్టిక్ మూన్' అని సరిపెట్టారు. నాకు 'మాయ చంద్రుడు' అని తోచింది, కానీ రాశాక 'మాయా చంద్రుడు' కావాలేమో అని అనుమానం పట్టుకుంది. ఇంకోటి, వెలవెలబోయిన చంద్రుడి మీద మా తాతయ్య ఏదో పద్యం చదివేవారు. 'ధూసర' అన్న ముక్క తప్ప ఏమీ గుర్తు రావడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

సిరాబుడ్డి:
అది 'శశీ దివసధూసరో' అయ్యుంటుందండీ. భర్తృహరి నీతిశతకం, మనసులో గుచ్చుకునే ఏడు ముళ్ళ శ్లోకం. పగటిపూట కాంతి తప్పిన చంద్రుడు అందులో మొదటి ముల్లు. మీ తాతగారు చదివింది సంస్కృతమా, ఏనుగు లక్ష్మణకవి తెలుగా? దాన్ని బట్టి 'ధూసర' నిలుస్తుందో లేదో చెప్పొచ్చు.

నల్లమల:
అసలు ప్రశ్నకి వస్తాను. మాయామృగం, మాయలేడి. రెండూ మారీచుడే. మృగం సంస్కృతం కాబట్టి మాయాకి దీర్ఘం ఉంది, లేడి తెలుగు కాబట్టి మాయ పొట్టిదైంది. సీతాపతి అంటాం, సీతమ్మ అంటాం. అదే లెక్క. కాబట్టి మాయాచంద్రుడు, మాయ చందమామ. 'మాయ చంద్రుడు' మాత్రం రెండింటికీ చెందదు.

జొన్నరొట్టె:
మరి మాయాబజార్? బజారు సంస్కృతం ఎప్పుడైంది నల్లమల గారూ?

నల్లమల:
బజారు పారసీ నుంచి వచ్చింది, ఒప్పుకుంటాను. పరభాషా పదానికి మన చెవి సంస్కృతం మర్యాదే ఇచ్చింది. అది మినహాయింపు, నియమం కాదు.

జొన్నరొట్టె:
1957 నుంచి తెలుగువాళ్ళందరి నోటా నానిన మాటని మినహాయింపు అని పక్కన పెట్టలేమండీ. చెవికి పట్టింది చెవికి పట్టినట్టే ఉంటుంది. 'మాయాచంద్రుడు' అని కలిపి చదవండి, ఏదో పౌరాణిక నాటకంలో రాక్షసుడి పేరులా లేదూ? హితోమి స్కూల్ ట్రాక్ మీద పరిగెత్తే పిల్ల. ఆ పిల్ల చెవిన పడే మాట తేలిగ్గా ఉండాలి.

పాతపుస్తకం:
మీరంతా మాయ మీదే పడ్డారు, మాబొరొషిని ఎవరూ చూడటం లేదు. ఇప్పటి జపనీస్‌లో దానికి కనీసం రెండు అర్థాలున్నాయి. ఒకటి భ్రాంతి. రెండోది, ఉందని వినడమే తప్ప కంటపడనిది: దొరకని సారాయిని, కనుమరుగైన పుస్తకాన్ని 'మాబొరొషి నొ' అంటారు. ఇంకా వెనక్కి వెళితే మూడో అర్థం. పాతకాలపు జపనీస్ నవల గెంజి కథలో 41వ అధ్యాయం పేరే మాబొరొషి. అక్కడ ఆ మాటకి అర్థం భ్రాంతి కాదు, మాంత్రికుడు. ఆకాశంలో తిరిగే మాంత్రికుడా, కలలోకైనా రాని నా భార్య ఆత్మ ఎక్కడుందో వెతికిపెట్టు అని, ఆమె చనిపోయాక కథానాయకుడు గెంజి వేడుకుంటాడు. అంటే మాబొరొషి మాయ కాదు, మాయావి.
నా ఊహ ఒకటి చెప్తాను. టారో ముక్కలతో జోస్యం చెప్పే హితోమి ఆకాశంలోంచి ఊడిపడి, తప్పిపోయినవాళ్ళ జాడ చెబుతుంది. ఆ పాత అర్థం తెలిసే ఆ పేరు పెట్టారని నా నమ్మకం. 'మాయావి చంద్రుడు' అనండి, దీర్ఘం తగాదా కూడా తీరిపోతుంది.

గోదారిగట్టు:
గెంజి సంగతి తెలియదు, ఒళ్ళు జలదరించింది. కానీ మాయావి అంటే మా పిల్లకి మాయల ఫకీరే గుర్తొస్తాడు.

చెరువుకట్ట:
'ఎండమావి చంద్రుడు' అని ఎందుకు అనకూడదు? నా దృష్టిలో ఈ సిరీస్‌లో ఉన్న గొప్పా లోటూ రెండూ ఈ మాటలోనే ఉన్నాయి. మొదటి సగం నిజంగా దూరం నుంచి మెరిసే నీళ్ళలా ఉంటుంది. కథానాయకుడు వాన్ డ్రాగన్‌ని చంపి దాని గుండెలోంచి రాయి తీయడం, తన రక్తంతో యంత్రంతో ఒప్పందం చేసుకోవడం, తరవాత యంత్రానికి తగిలిన దెబ్బలు వాడి ఒంటి మీద తేలడం. గైమెలెఫ్ అంటే, అదే ఆ రోబో యంత్రం, వీళ్ళకి వాహనం కాదు, తొడుక్కున్న ఒళ్ళు. ఇంత బరువుగా రోబోని చూపించిన సిరీస్ నాకు ఇంకోటి తెలియదు.
(చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) దగ్గరికి వెళ్ళేకొద్దీ నీళ్ళు ఇంకిపోతాయి. అదృష్టాన్ని మార్చే యంత్రం, దాని వెనక శత్రు చక్రవర్తి డోర్న్‌కిర్క్, ఆ ముసలాయన మన న్యూటనే అని సూచన. ఆలోచన పెద్దదే. విధిని కొలిచి తిప్పేయాలనుకున్నవాడు గురుత్వాకర్షణని కొలిచినవాడే కావడం నాకు నచ్చింది. కానీ 39 ఎపిసోడ్లకి అనుకున్నదాన్ని 26కి కుదించారు, ఆ ఇరుకు చివర్లో తెలిసిపోతుంది. శత్రుసేనలోని డిలాండౌ అసలు ఎవరో తెలిసే ఘట్టం గుండె పగలాల్సిన చోటు. అంత ఘట్టానికి ఊపిరి తీసుకునే జాగా లేదు. వీరుడు అల్లెన్, వాన్‌ల మధ్య హితోమి ఊగిసలాట మాత్రం జాగా అంతా తినేసింది.

జొన్నరొట్టె:
ఆ ఊగిసలాటే కథండీ! సెకనుకోసారి ఊగే లాకెట్ ఆ పిల్ల మెడలో ఎందుకు ఉందనుకున్నారు? ఆ పిల్ల భయపడితే చూసే భవిష్యత్తు చెడిపోతుంది. మనసు నిలకడే ఇక్కడ ఆయుధం. రోబో సిరీస్‌లో అంత మాట అనగలగడం చిన్న విషయమా? కొండంత యంత్రం ఒక పక్కా, పదిహేనేళ్ళ పిల్ల కంగారు ఇంకో పక్కా పెట్టి, రెండోదే బరువని తూచి చూపించారు.

సిరాబుడ్డి:
కొండంత అన్నారు కాబట్టి ఒక మాట. పెద్దదాన్ని పెద్దదిగా చూపించడం పోతన దగ్గర నేర్చుకోవాలి. 'ఇంతింతై వటుడింతయై' అందరూ చదువుతారు, దాని తరవాతి పద్యం ఎక్కువమంది పట్టించుకోరు. 'రవిబింబం బుపమింప' అని మొదలవుతుంది. సూర్యుడు ముందు గొడుగు. తరవాత తలమీద రత్నం, చెవికి నగ, మెడలో ఆభరణం, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, ఆఖరికి కాళ్ళ కింద పీట. తొమ్మిది మెట్లు. వామనుడు ఎంత పెరిగాడో పోతన ఒక్క కొలతా చెప్పడు. కదలని సూర్యుణ్ణి మన కళ్ళముందు కిందికి దించుతాడు. కింద నించున్న బలి మెడ ఎత్తి ఎత్తి నొప్పి పుట్టినట్టు నాకు అనిపిస్తుంది.

చెరువుకట్ట:
సిరాబుడ్డి గారూ, ఎస్కాఫ్లోనెలో సరిగ్గా ఆ పనే దుప్పటి చేస్తుంది. యంత్రం భుజాల మీంచి వేలాడే ఆ వస్త్రం. అంత ఇనుము మీద గుడ్డ ఎగురుతుంటే గాలి ఎంత ఉందో, ఒళ్ళు ఎంత పెద్దదో ఒకేసారి తెలుస్తుంది. దాన్ని గీసినవాళ్ళు కూడా కొలతలు చెప్పలేదు. అడుగు పడితే దిగే నేల కూడా అంతే. యంత్రం డ్రాగన్‌గా మారినప్పుడు వాన్ లోపల కూర్చోడు, వీపు మీద నిలబడి పగ్గాలు పట్టుకుంటాడు. మనిషి కనిపిస్తూ ఉంటేనే యంత్రం పెద్దదవుతుంది.

నల్లమల:
'ఛవిమత్కంకణమై' దగ్గర ఎప్పుడైనా ఆగారా? ఛవి అంటే కాంతి. మిగతా నగలకి లేని మెరుపు కంకణానికి ఎందుకిచ్చాడు? దానం పట్టిన చెయ్యి కాబట్టి. ఇది నా సొంత ఊహ.

సిరాబుడ్డి:
'శ్రవణా', 'ఛవి', 'ప్రవరం': రెండో అక్షరం 'వ', 'వి'. 'రవి'తో మొదలెట్టాడు కాబట్టి ప్రాస అడిగిందండీ. కానీ మీ ఊహ కూడా వదలాలనిపించడం లేదు.

గోదారిగట్టు:
ఇంత మంచి చర్చలో నా చంద్రుడు తప్పిపోయాడు. ఒక విషయం చెప్పడం మరిచాను. ఆ మాట తెర మీద రెండు సెకన్లకి మించి ఉండదు. 'కంటపడని చంద్రుడు' అని పాతపుస్తకం గారి రెండో అర్థం వేసి చూశాను, అక్కడ భూమి నడి ఆకాశంలో నిగనిగలాడుతుంటే ఆ మాట అతకలేదు. తాత్కాలికంగా 'మాయ చందమామ' అని పెట్టాను. పిల్ల చదివి, "అంటే మనం వాళ్ళకి చందమామలమా?" అంది. ఆ ప్రశ్న రావడం కోసమైనా చందమామ ఉండాలనిపించింది.

నల్లమల:
చందమామ పెట్టారు కాబట్టి దీర్ఘం తీసేయడం సరైనదే. వ్యాకరణం మీ పక్షానే ఉంది.

పాతపుస్తకం:
మాంత్రికుడు పోయాడు. వాన్ ఆ మాట అన్నప్పుడు గొంతులో భయం ఉంది, చందమామలో భయం ఎక్కడుంది? ఆలోచించండి.

వేపపుల్ల:
ఆలస్యంగా వచ్చాను. సిరీస్ పేరు చివర 'నె' పలకాలా? నేను 2000లో అమెరికాలో టీవీలో చూసినప్పుడు 'ఎస్కాఫ్లోన్' అనే విన్నాను.

చెరువుకట్ట:
జపనీస్‌లో 'ఫు-రో-నె'. యోకో కన్నో, హాజిమె మిజొగుచిల సంగీతంలో యుద్ధం దగ్గర బృందగానం ఆ పేరే జపిస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. చివర 'నె' స్పష్టంగా పడుతుంది.

జొన్నరొట్టె:
'నె'నా, 'నే'నా? దీర్ఘం ఉందా లేదా?

నల్లమల:
హ్రస్వమే. కానీ పాడేటప్పుడు సాగుతుంది. ఇప్పుడే మళ్ళీ విన్నాను, రెండోసారి జపంలో కచ్చితంగా సాగింది.