సైనస్ వాపు వచ్చిన టర్కీల గుడ్లు పొదిగించవచ్చా?

పాలమూరు_టర్కీ: మా పెట్టల్లో కొన్నిటికి కళ్ల కింద వాపు వచ్చింది. మైకోప్లాస్మా గల్లిసెప్టికం అనే బ్యాక్టీరియా వల్ల అన్నారు. మందుతో వాపు తగ్గింది. ఇప్పుడు గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెట్టమంటారా?

పశువైద్యురాలు: వద్దండీ. వాపు పోయినా క్రిమి పోదు. గాలి తిత్తుల నుంచి అండవాహికకు చేరి గుడ్డులోకి దిగుతుంది. జబ్బు తగిలిన తొలి వారాల్లో ఎక్కువగా దిగుతుంది, తర్వాత తగ్గుతుంది కానీ ఆగదు. ఒక్క పిల్లకున్నా బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట) అన్నిటికీ అంటుకుంటుంది.

గోదారి_హేచరీ: టైలోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన నీళ్లలో ముంచితే సరి. గుడ్లను 37.8 డిగ్రీలకు వెచ్చబెట్టి, చల్లని మందునీళ్లలో 15-20 నిమిషాలు ఉంచితే లోపలికి లాక్కుంటాయి. అమెరికాలో జబ్బు లేని టర్కీ మందలు తయారైంది ఇలాంటి పద్ధతులతోనే.

పశువైద్యురాలు: వాళ్లు ముంచి వదిలేయలేదు. పిల్లల్ని విడిగా పెంచి, మళ్లీ మళ్లీ రక్తపరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవి తీసేశారు. ముంచితే తగ్గుతుందంతే. ఆ నీళ్లలో వేరే బ్యాక్టీరియా పెరిగితే గుడ్లు కుళ్లి పగులుతాయి కూడా.

గోదారి_హేచరీ: ఆ రక్తపరీక్ష ప్లేట్ టెస్టే కదా, ప్లేటు మీద మందు కలిపితే గడ్డలు కడితే పాజిటివ్ అంటారు. దాన్ని నమ్మడమెలా? టీకా వేసిన పక్షి రక్తం కూడా గడ్డలు కడుతుంది.

చిట్టిబాబు77: అన్నా, టీకా వేశావా?

పాలమూరు_టర్కీ: లేదు.

కరీంనగర్_రైతు: నిరుడు ఒకచోట టర్కీ పిల్లలు కొన్నా. కొన్నాళ్లకే కళ్లు మూసుకుపోయాయి. మా ఆవిడ పొద్దున్నే ఒక్కోదాని పుసి తుడిచి, ముక్కు నీళ్లలో ముంచి తాగించేది. ఫోన్ చేస్తే మీ షెడ్డులో గాలాడదు అన్నారు.

గోదారి_హేచరీ: ఆ మాట నన్నేనా?

కరీంనగర్_రైతు: నీ పేరెత్తానా? నీ మందకు టెస్టు చేయించావా, అది చెప్పు.

గోదారి_హేచరీ: చేయించి? పాజిటివ్ వస్తే పెట్టల్ని కోసేయాలి. బర్డ్ ఫ్లూ వస్తే సర్కారు పరిహారమిస్తుంది, దీనికి రూపాయి రాదు. అప్పు ఎవరు కడతారు? నువ్వా?

కరీంనగర్_రైతు: కోసేయమని నేననలేదు. ముంచుకో, అమ్ముకో, కొనేవాడికి చెప్పు. తెలిస్తే వాటిని నాటుకోళ్లలో కలపను, గుడ్లకు ఉంచుకోను, విడిగా పెంచి మాంసానికి అమ్ముకుంటా. నువ్వు చెప్పకపోతే నా మందంతా పోతుంది.

గోదారి_హేచరీ: చెబితే ఒక్క పిల్ల అమ్ముడుపోదు. అందరూ చెప్పిన రోజు నేనూ చెబుతా.

పశువైద్యురాలు: అప్పటిదాకా నష్టం కొన్నవాళ్లదేనా? దీనికి మీరింకా జవాబు చెప్పలేదు.

పాలమూరు_టర్కీ: నేను పొదిగించట్లేదు. ఈ గుడ్లు తినడానికి అమ్మొచ్చా డాక్టరమ్మా?

పశువైద్యురాలు: మందు ఆపాక లేబుల్ మీదున్న గడువు దాటేదాకా వద్దు.