సమస్య: "వినక తీర్పు నిచ్చె, వినుతి కెక్కె"

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. రెండో సాక్షిని వినకుండా తీర్పు చెప్పినవాణ్ని ఎవరైనా పొగుడుతారా? ధర్మరాజు, న్యాయస్థానాలు, పంచాయతీ పెద్దలు వద్దు. విషయం ప్రోగ్రామింగే: తర్కపు ఆపరేటర్ల ("మరియు", "లేదా" గుర్తుల) షార్ట్ సర్క్యూట్. ఎడమ పదంతోనే ఫలితం తేలిపోతే కుడి పదం జోలికే వెళ్లకపోవడం. యతి, గణం తప్పితే మొహమాటం ఉండదు.

మొదటి పూరణ:

సున్న యెడమ నున్న జూడ నక్కర లేదు
కుడి పదమ్ము వంక, గొడవ యేల?
యనుచు మరియు గుర్తు హాయిగా గూర్చుండి
వినక తీర్పు నిచ్చె, వినుతి కెక్కె.

నిర్వాహకుడు: ధార బాగుంది. "హాయిగా గూర్చుండి" దగ్గర నవ్వు వచ్చింది. సీ భాషలో "మరియు" గుర్తైన && ఎడమ నుంచి కుడికే నడుస్తుందని, ఎడమ సున్నా (అంటే అబద్ధం) అయితే కుడిని ముట్టదని ప్రమాణమే హామీ ఇస్తుంది కనుక విషయానికీ ఢోకా లేదు. కానీ సమస్యలో రెండు ముక్కలున్నాయి. వినకపోవడానికి కారణం చెప్పారు, వినుతికి ఎందుకు ఎక్కిందో చెప్పలేదు. సోమరితనానికి పొగడ్త రాదు కదా!

ఒక సభ్యుడు: సీ ప్లస్ ప్లస్‌లో ఇదే గుర్తుకు మనం సొంత నిర్వచనం ఇస్తే ఆ హాయి పోతుంది. అప్పుడది మామూలు ఫంక్షన్ పిలుపు. రెండు వైపులూ లెక్కించవలసిందే.

రెండో పూరణ:

భాగహార మనిన భయమేల? హారము
సున్న యగుట మున్నె చూచె గాన
కూలనీక పనిని, గుడివైపు మొరలెల్ల
వినక తీర్పు నిచ్చె, వినుతి కెక్కె.

నిర్వాహకుడు: ఇదీ పూరణ! వినుతికి కారణం "కూలనీక పనిని"లో ఉంది. చదువరుల కోసం కోడ్ రూపం (!= అంటే "సమానం కాదు"):

హారం != 0 && మొత్తం / హారం > 10

హారం సున్నా అయిన రోజున భాగహారం జరగనే జరగదు. రెండు పదాలనూ అటూ ఇటూ మార్చి రాయండి, పూర్ణాంకాలైతే జావా అక్కడే మినహాయింపు (ఎక్సెప్షన్) విసిరి ఆగిపోతుంది. గణితంలో "మరియు"కు ఏ పక్క ఏది ఉన్నా ఒకటే, ఇక్కడ వరుసే ప్రాణం. ఒక్క మాట: సరళాదేశం వ్యాకరణరీత్యా సరైనదే కానీ కుడి గుడి అయి భక్తుల మొరలు వినిపిస్తున్నాయి. "కుడివైపు" అనే ఉంచండి, యతికి నష్టం లేదు.

మూడో పూరణ:

ఒకటి నిజము కాగ నొప్పును లేదాకు
పాస్కలైన గాని, పైథనైన
మలిది తట్టి చూడ మనసైన లేకయే
వినక తీర్పు నిచ్చె, వినుతి కెక్కె.

ఒక సభ్యురాలు: మూడో పాదం ముచ్చటగా ఉందండీ, పై రెండింటితోనే పేచీ. "ఒకటి" చాలదు, ఆ ఒకటి మొదటిదే కావాలి. ఎడమది అబద్ధమై కుడిది నిజమైతే "లేదా" కుడిదాకా వెళ్లక తప్పదు. ఇక ప్రామాణిక పాస్కల్ రెండో వైపు లెక్కించాలా వద్దా అన్నది కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కే వదిలేసింది, దాన్ని సాక్ష్యానికి పిలవకూడదు. ఈ చిక్కు లేకుండా అడా భాష 1983 ప్రమాణంలోనే రెండు వైపులూ లెక్కించే మామూలు "అండ్" వేరు, ఎడమతోనే ఆగగల "అండ్ దెన్" వేరు అని గీత గీసింది. నా సవరణ:

తొలిది నిజము కాగ దోషమా లేదాకు?
బాషునైన గాని, పైథనైన

నిర్వాహకుడు: తొ–దో, బా–పై, రెండు యతులూ కుదిరాయి. బాషు అంటే బాష్ అనే కమాండ్ల భాష. పైథాన్ విషయంలో ఒక కొసరు: అది నిజం, అబద్ధం అని కాక, ఎక్కడ ఆగిందో ఆ విలువనే చేతికిస్తుంది. 0 "లేదా" 5 అంటే 5 వస్తుంది.

నాలుగో పూరణ:

లెక్క పెంచు పనుల నెక్కడో కుడి బెట్టి
వినక పోయె ననుట వెఱ్ఱి గాదె?
నియమ మదియె గాన నిలిచిన చోటనే
వినక తీర్పు నిచ్చె, వినుతి కెక్కె.

ఒక సభ్యుడు: మొదటి పాదంలో ప్రాసయతి దిట్టంగా పడింది. "వినక" రెండుసార్లు వచ్చింది, రెండో పాదంలో "విడిచి పోయె" అంటే పునరుక్తి తొలగిపోతుంది.

నిర్వాహకుడు: ఆ సవరణతో స్వీకరిస్తున్నాను. "దొరికింది || లెక్క++" (|| అంటే "లేదా", ++ అంటే ఒకటి పెంచు) అని రాసి, దొరికిన ప్రతిసారీ లెక్క ఎందుకు పెరగలేదని కంపైలర్‌ను తిట్టేవాళ్లకు ఇది తగిన జవాబు. కానీ ఇందులోనూ వినుతి సగమే పలికింది, నింద తప్పిందని మాత్రమే తేలింది. నా ఓటు రెండో పూరణకే.