సమస్య: "చంద్రశేఖరుండు చంద్రు వదలె"

నిర్వాహకుడు
మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకం తిరగేస్తుంటే చివర ఉన్న పేర్ల సూచికలో 'చంద్రశేఖర్' అని వరసగా కనిపించింది. ఒకరు నక్షత్రాలకు లెక్క కట్టినవారు, ఒకరు బంతి తిప్పినవారు, ఒకరు ప్రధానమంత్రి, ఒకరు పిస్తోలు పట్టినవారు. అందరి నెత్తిమీదా అదే చంద్రుడు. ఆ చంద్రుణ్ణి దింపేస్తే ఎలా ఉంటుందా అనిపించి, ఇదే చివరి పాదంగా పద్యం పూరించమని ఈ పాదం ఇస్తున్నాను.

రెండే షరతులు. శివుణ్ణి తెచ్చి తప్పించుకోవద్దు. ఏ చంద్రశేఖరుడో పద్యంలోనే తెలియాలి. ఆయన్ని తీసేసి ఇంకో చంద్రశేఖరుణ్ణి పెట్టినా పద్యం చెడకుండా నిలబడితే అది పూరణ కాదు.

సీసమాలిక
ముందు ఒక సందేహం. 'చంద్రుని వదలె' కదా అనాలి? 'చంద్రు వదలె' ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు
చంద్రున్ + వదలె. పరమైంది స్థిరం (పరుష సరళాలు కాని హల్లు), అందుకే ద్రుతం (చివరి నకారం) లోపించింది. 'సంద్రు' కావాలని ఎవరూ అడగక ముందే చెప్తున్నా: సంస్కృత పదాల పరుషాలకు (క చ ట త ప) బదులు గసడదవలు రావు.

గణపాఠి

చేయి సన్నమైనఁ జెదరని గురితోడ
నోవలందు గెలుపు నొసఁగె నాఁడు
ఎఱ్ఱబంతి తనకు నిందుబింబము గాఁగ
చంద్రశేఖరుండు చంద్రు వదలె

సీసమాలిక
ఆహా! బౌలర్ 'బంతి వదిలాడు' అనేది రోజూ వినే మాట. దాన్ని పట్టుకుని బంతినే చంద్రుణ్ణి చేశారు. శివుడికి నెలవంక నెత్తిన ఉంటే ఈయనకు నిండుచంద్రుడు గుప్పిట్లో ఉన్నాడు. 'ఓవలందు' అని లండన్ మైదానం పేరు చెప్పిన ఒక్క మాటతో మనిషి బి.ఎస్. చంద్రశేఖర్ అని తేలిపోయింది. 1971 ఆగస్టు, రెండో ఇన్నింగ్స్, 38 పరుగులకు 6 వికెట్లు, ఇంగ్లండ్ 101కి ఆలౌట్. ఆ దేశంలో మనవాళ్ళు గెలిచిన మొదటి టెస్టు అదే.

మత్తకోకిల
ఊహ బాగుంది, కాదనను. కానీ మూడో పాదం చివర 'గాఁగ' ద్రుతాంతం. గాఁగన్ తర్వాత పరుషం సరళమై 'జంద్రశేఖరుండు' అని తీరాలి. నిర్వాహకులు ఇచ్చింది 'చంద్ర'. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చే అధికారం ఎవరికీ లేదు కదా గణపాఠి గారూ? ఈ మాట పోయిన నెల మీరే నాతో అన్నారు.

గణపాఠి
పాదాంతంలో విరామం ఉంది. అక్కడ సంధి తప్పనిసరి కాదు.

మత్తకోకిల
మొదటి పాదం చివర 'గురితోడ', రెండో పాదం మొదట 'నోవలందు' అని మీరే కలిపారు. అక్కడ లేని విరామం ఇక్కడెలా వచ్చింది?

గణపాఠి
సరే. పట్టుకున్నది నిజమే. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

ఎఱ్ఱబంతి తనకు నిందుబింబమె కాదె

ఇప్పుడు కళ, అంటే ద్రుతం లేని పదం. నిజానికి ఇదే బాగుంది. 'కాదె' దగ్గర బౌలర్ పరుగు ముగిసి చెయ్యి పైకి లేస్తుంది, తర్వాత పాదంలో బంతి వదులుతాడు. మీ తప్పు పట్టడం నా పద్యానికి మేలు చేసింది మత్తకోకిల గారూ.

తాళపత్రం
'చేయి సన్నమైన' అన్న మూడు ముక్కల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన కుడిచేయి సన్నబడిపోయింది. ఫీల్డింగ్‌లో బంతి అందితే ఎడమచేత్తో విసిరేవారు. బౌలింగ్ మాత్రం ఆ సన్నటి చేత్తోనే. ఇంకెవరైనా ఆ చెయ్యి దాచుకునేవారు, ఈయన దాంతోనే 58 టెస్టులు ఆడారు. దీన్ని జాలిగా కాకుండా 'చెదరని గురి' పక్కన పెట్టడం నాకు నచ్చింది.

కొత్తకలం
నాకిదే మొదటిసారి. నేనూ ఆయన మీదే రాశాను, పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

పరుగులకును మించి పడఁగొట్టె వికెటులు
బ్యాటు పట్టఁ జేత భయమె గాని
బంతి చేతనుంటె పండు వెన్నెల తనకు
చంద్రశేఖరుండు చంద్రు వదలె

గణపాఠి
తమ్ముడూ, మొదటి పాదం నా పద్యం మొత్తానికి సమానం. టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు 167, తీసిన వికెట్లు 242. దాన్ని ఒక్క పాదంలో, అంకె లేకుండా, యతి కోసం వెతుక్కోకుండా చెప్పేశావు. 'పరుగు'లకు 'పడఁగొట్టె' దానంతటదే వచ్చి కూర్చుంది. బ్యాకు భ కూడా చెల్లుతుంది, భయపడకు.

మూడో పాదం చివర మాత్రం ఒక లఘువు ఎక్కువైంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకో. 'నుంటె' కూడా మిగతా పద్యంలో కలవదు. నేను సరిచేసి ఇవ్వను, నువ్వే చెయ్యి.

సీసమాలిక

పేరు చెప్పు మన్నఁ బెదరని బాలుఁడే
స్వేచ్ఛ తండ్రి యనెను జెరయె యిల్లు
నాఁటినుండి జనము నాలుక నాజాదె
చంద్రశేఖరుండు చంద్రు వదలె

1921లో కోర్టు బోనులో నిలబడ్డప్పుడు ఆజాద్‌కు పదిహేనేళ్ళు. పేరు ఆజాద్, తండ్రి స్వాతంత్ర్యం, ఇల్లు జైలు అన్నాడని చెప్పుకుంటాం కదా. పదిహేను కొరడా దెబ్బలు పడ్డాయి. చంద్ర అన్న పేరు అక్కడ వదిలేశాడు.

మత్తకోకిల
'స్వేచ్ఛ'కు 'జెర' యతి ముచ్చటగా ఉంది. ముందు పాదం చివర 'డే' అని గురువు పెట్టి, 'స్వే' వల్ల వచ్చే పేచీని పుట్టకుండానే ఆపారు. ఆ జాగ్రత్త చూసి సంతోషం వేసింది.

కానీ విషయం కుదరలేదు. ఆయన పుట్టినప్పటి పేరు చంద్రశేఖర్ తివారీ. కోర్టులో వదిలింది తివారీని. చంద్రుడు చివరిదాకా ఆయనతోనే ఉన్నాడు. ఇవాళ్టికీ మనం చంద్రశేఖర్ ఆజాద్ అనే అంటాం. పద్యం నడక ఎంత బాగున్నా ఆయన వదలనిదాన్ని వదిలాడనడం అన్యాయం.

సీసమాలిక
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. 'తివారి వదలె' అని సమస్య ఇచ్చి ఉంటే గెలిచేవాడిని.

నెలవంక

నెలలు నాల్గు మోసి నెలవంకవలెఁ దగ్గె
గద్దె వీడి లేచి కదలె నాఁడు
నెలయె చంద్రుఁ డగుట నిజమె కాదె కనుఁడు
చంద్రశేఖరుండు చంద్రు వదలె

నిర్వాహకుడు
ప్రధానిగా చంద్రశేఖర్ 1990 నవంబర్ 10న ప్రమాణ స్వీకారం, 1991 మార్చి 6న రాజీనామా. నాలుగు నెలలకు నాలుగు రోజులు తక్కువ. లెక్క సరిపోయింది. నెల అంటే మాసం, నెల అంటే చంద్రుడు. ఈ శ్లేష తెలుగు మాటలోనే ఉంది, అందుకే పద్యానికి బలం. మీ పేరు కూడా మొదటి పాదంలో ముద్రలా పడింది.

రాజకీయం మీద చర్చ ఇంతటితో చాలు.

గణపాఠి
మూడో పాదం సమర్థింపులా ఉంది. 'నిజమె కాదె కనుఁడు' అని చదివేవాణ్ణి బతిమాలితే శ్లేష బలహీనపడుతుంది. మొదటి పాదంలో రెండు 'నెల'లు పక్కపక్కనే పెట్టారు. అంతటితో వదిలేస్తే మేమే పట్టుకునేవాళ్ళం.

మత్తకోకిల
చదివేవాళ్ళు పట్టుకుంటారని గణపాఠి గారు నమ్మడం ఇవాళే చూస్తున్నాను. "కాంతి చూచె నతఁడు కన్ను మూసి" సమస్యకు నేను రాసిన మూడో పాదం గుర్తుందా?

వెలుఁగు వెదకినారు వేంకటరామన్లు

అప్పుడు 'ఇద్దరిని తెచ్చి చివరికి అతఁడు అని ఒక్కణ్ణే చూపించారు, వచనం కలవలేదు' అని కొట్టేశారు. అరుణాచలం చేరి కన్ను మూసుకుని కూర్చున్న రమణ మహర్షి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేంకటరామన్. కన్ను తెరిచి కాంతి చెదరడాన్ని చూసి 1930లో నోబెల్ తెచ్చుకున్న రామన్ కూడా వేంకటరామనే. ఇద్దరూ వెతికింది వెలుగునే, ఒకరు కన్ను మూసి, ఒకరు తెరిచి. 'అతఁడు' ఎవరో చదివేవాళ్ళు పట్టుకోలేరా?

తాళపత్రం
రాష్ట్రపతిగా చేసిన వేంకటరామన్‌ని కూడా కలిపితే ముగ్గురు.

గణపాఠి
గుర్తుంది. ఆ రోజు నేను వ్యాకరణం చూశాను, పద్యం చూడలేదు. బహువచనం నుంచి ఏకవచనానికి దిగడంలోనే ఇద్దరిలో ఒకరిని వేలెత్తి చూపడం ఉంది. ఆ మాట అప్పుడే అనాల్సింది. 'రామన్లు' అన్న రూపం మాత్రం ఇప్పటికీ చెవికి గుచ్చుకుంటుంది.

మత్తకోకిల
అది నాకూ గుచ్చుకుంటుంది. ఇంకేమీ దొరకలేదు.

తాళపత్రం
నాది కొంచెం వేరే దారి.

వెదురుగొట్టమందె విధుగతిఁ గొలిచిన
యోఢ్రదేశమందు నుదితుఁ డతఁడు
కల్ల పలుకనేల గడుసుగా నీ మాట
"చంద్రశేఖరుండు చంద్రు వదలె"

సామంత చంద్రశేఖరుడు. 1835లో ఒడిశాలోని ఖండపడాలో పుట్టారు. దూరదర్శిని లేదు. వెదురుతో, కర్రతో తానే చేసుకున్న పరికరాలు, మామూలు కన్ను. వాటితోనే చంద్రుడి నడకలోని తేడాలు మూడింటిని పట్టుకుని తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని పేర్లు పెట్టారు. తాటాకుల మీద రాసుకున్న ఆయన సంస్కృత గ్రంథం 'సిద్ధాంత దర్పణం' 1899లో అచ్చయింది, 1904లో ఆయన పోయారు. రాత్రి తర్వాత రాత్రి చంద్రుణ్ణి కాపలా కాసిన మనిషి వదిలేశాడంటే నాకు చెయ్యాడలేదు. అందుకే సమస్యనే కల్ల అన్నాను.

నిర్వాహకుడు
ఇచ్చిన పాదాన్ని అబద్ధం చేసి నిలబెట్టడం పాత పద్ధతే అయినా ఇక్కడ అవసరమై వచ్చింది. నా షరతుకు కూడా ఇదే బాగా నిలబడింది. ఇంకే చంద్రశేఖరుణ్ణి పెట్టినా ఆ మూడో పాదంలో కోపం పుట్టదు.

గణపాఠి
'డతఁడు' తర్వాత 'గల్ల' అనొచ్చు, బహుళం కాబట్టి ఒత్తిడి చేయను. 'గడుసుగా' అన్న మాట మాత్రం నిర్వాహకులకు తగిలేలా ఉంది.

మత్తకోకిల
నాది.

ఓడమీఁదఁ దారలుడిగెడి తీ రెంచి
చిన్నతండ్రి దారిఁ జేరకుండఁ
జుక్కల కొక హద్దు చూపిన మేధావి
చంద్రశేఖరుండు చంద్రు వదలె

1930లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఇంగ్లండ్ వెళ్ళే ఓడలో కూర్చుని, నక్షత్రం ఎంత బరువు దాటితే తెల్లమరుగుజ్జుగా (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన చుక్కగా) నిలవలేదో లెక్క కట్టాడు. ఇప్పుడు మనం చెప్పుకునే అంకె సూర్యుడికి 1.4 రెట్లు. నోబెల్ రావడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. చంద్రుణ్ణి వదిలి చుక్కల దగ్గరికి వెళ్ళినవాడని నా భావం. చిన్నతండ్రి అంటే పైన చెప్పిన రామనే.

సీసమాలిక
'చుక్కల కొక హద్దు'! చంద్రశేఖర్ అవధిని తెలుగులో ఇంతకన్నా తేలిగ్గా చెప్పగలమా? వాడుకలో 'హద్దు' పొలం గట్టు దగ్గర వినే మాట. దాన్ని తీసుకెళ్ళి ఆకాశంలో పాతారు.

గణపాఠి
నాకు ఇంకొకటి కనిపించింది. 'తారలుడిగెడి'లో ఉడిగెడి అంటే క్షీణించే. కానీ 'ఉడు' అంటే చుక్క, చంద్రుడు ఉడుపతి. తార పక్కనే ఉడు వినిపిస్తోంది, పైగా యతి సరిగ్గా ఆ ఉకారం మీదే పడింది. మీరు కావాలని చేశారో లేదో అడగను. ద్రుతం దగ్గర కూడా 'కుండఁ జుక్కల' అని జాగ్రత్తపడ్డారు.

రెండో పాదం మాత్రం ఈ పద్యానికి తగదు. చిన్నతండ్రి దారి పట్టకపోవడం ఆయన జీవితంలో నిజమే, కానీ అది చంద్రుణ్ణి వదలడానికి సాయం చేయదు. చుక్కల కోసం చంద్రుణ్ణి వదిలాడనడం సగమే అందింది. ఇంకా పెద్ద నిజం ఉంది. ఆయన్ని అందరూ 'చంద్ర' అనేవారు. 1995లో పోయారు. 1999లో అంతరిక్షంలోకి పంపిన ఎక్స్-రే దూరదర్శినికి ఆ పేరే పెట్టారు, చంద్ర అని. ఈ చంద్రశేఖరుడు నిజంగానే ఆకాశంలో ఒక చంద్రుణ్ణి మనకు వదిలి వెళ్ళాడు. మీరు ఒప్పుకుంటే రెండో పాదం ఇలా:

మింటఁ దిరుగు కంటి మేలి పేరఁ

మత్తకోకిల
ఓడమీఁదఁ దారలుడిగెడి తీ రెంచి
మింటఁ దిరుగు కంటి మేలి పేరఁ
జుక్కల కొక హద్దు చూపిన మేధావి
చంద్రశేఖరుండు చంద్రు వదలె

ఇప్పుడే పైకి చదివాను. 'వదలె' అర్థమే తిరగబడింది. నేను 'విడిచిపెట్టాడు' అనుకుని రాశాను, మీరు 'మిగిల్చి వెళ్ళాడు' చేశారు. పాదం ఉంచుకుంటున్నాను గణపాఠి గారూ. నిర్వాహకులు దీన్ని ఇద్దరి పేర్ల మీదా రాయాలి.

నిర్వాహకుడు
రాశాను. ఈ వారానికి ఇది, తాళపత్రం గారిది, రెండూ పైన ఉంటాయి.

కొత్తకలం
లెక్కపెట్టాను. ఒకటి ఎక్కువే ఉంది. చూడండి:

బంతి చేతనున్నఁ బండు వెన్నెల రేయి

గణపాఠి
సరిపోయింది. 'నున్నఁ బండు' దగ్గర సరళం కూడా నువ్వే పట్టావు, నేను చెప్పలేదు. నా పద్యం కింద కాదు, పక్కన పెట్టమని నిర్వాహకులకు చెప్తున్నాను.