రెండు దేశాల టాపిక్‌తో ఒక్క దేశంలో ఉన్న సెంటర్‌కి ప్రపోజల్ ఎలా రాయాలి?

అమెరికాలో హిస్టరీ పీహెచ్‌డీ నాలుగో ఏడాది, ఎఫ్-1 వీసా. టాపిక్ 1923 గ్రీస్-టర్కీ జనాభా మార్పిడి, అదే స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సంతకాలు పెట్టి గ్రీస్‌లోని ముస్లింలని టర్కీకి, టర్కీలోని ఆర్థొడాక్స్ క్రైస్తవులని గ్రీస్‌కి పంపించేశారు కదా, అది. నాక్కావాల్సిన కాగితాలు సగం ఏథెన్స్‌లో, సగం అంకారాలో ఉన్నాయి.

కౌన్సిల్ ఆఫ్ అమెరికన్ ఓవర్సీస్ రీసెర్చ్ సెంటర్స్ (వేరే దేశాల్లో ఉన్న అమెరికన్ రీసెర్చ్ సెంటర్ల సంఘం) వాళ్ళ మల్టీ కంట్రీ ఫెలోషిప్, అంటే ఒకటికి మించి దేశాల్లో రీసెర్చ్‌కి ఇచ్చేది, చూసి నాకోసమే పెట్టారనుకున్నా, తీరా చూస్తే అది యూఎస్ సిటిజన్లకే. సరేలే అని పోయినేడు రెండు దేశాల్లో ఒక్కో సెంటర్‌కి విడివిడిగా, చెరో నాలుగు నెలలకి అప్లై చేశా. రెండూ పోయాయి. ఒకచోట నుంచి మాత్రం కామెంట్ వచ్చింది, ప్రాజెక్ట్‌లో సగం మా దేశం బయటే ఉందని. ఉంటుంది మరి, టాపిక్కే అది!

ఈసారి రెండో దేశం భాగాన్ని ఒక్క పేరాకి కుదించి మా గైడ్‌కి చూపిస్తే అసలు వాదనే ఎగిరిపోయిందన్నారు, మళ్ళీ పెంచితే 1,500 పదాల లిమిట్ దాటి 1,840కి పోయింది. గ్రాంట్స్ ఆఫీసులో అడిగితే రెండు దేశాలకీ కలిపి ఒకే టైమ్‌టేబుల్ పెట్టమన్నారు, పోయినసారి రెండు ప్రపోజల్స్‌లోనూ అలాగే పెట్టా, దెబ్బతిన్నది దానితోనే అనుకుంటా. డెడ్‌లైన్ ఇంకా 18 రోజులుంది.

ఇలాంటి టాపిక్‌తో ఒక్క దేశం సెంటర్ నుంచి ఫెలోషిప్ తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, రెండో దేశం సంగతి ప్రపోజల్‌లో ఎక్కడ, ఎంత రాశారు?